నాగజెముడు

నాగజెముడు నెరుగని పల్లెవాసి మన ప్రాంతమున నుండడు. సముద్రతీరపు టిసుకనేలలందును, మెట్టచేల గట్లమీదను, పాడుపడిన దొడ్లయందును నేటికిని అచ్చటచ్చట నొక్కొక్క పొద కానవచ్చును. దాని ముల్లు గుచ్చుకొన్నవారికి వేరు పరిచయ మక్కరలేదు. అయినను ఈ మొక్క యెచ్చటిది? మన దేశమున కెవరిచే, ఏ పనికొరకు వచ్చినది? ఒకప్పుడు దక్షిణదేశమున వేలకొలది యెకరముల నాక్రమించిన యీ కంప నేడింత యరుదైపోవుటకు కారణమేమి? ఈ ప్రశ్నలకు సమాధానములు తెలిసికొనుట కేవలము వినోదమునకు గాదు. ముల్లులేని నాగజెముడును మెట్టభూములలో పశుగ్రాసముగా పెంపించవలెనని కేంద్రప్రభుత్వపు భూవనరుల శాఖ 2022వ సంవత్సరమున తలపెట్టినది. వెడలగొట్టబడిన యతిథి మరల పిలుపందుకొని వచ్చుచున్నా డన్నమాట. కావున దాని పూర్వకథ గ్రామపెద్దలు తెలిసియుండుట మంచిది.

మొట్టమొదట నొక భ్రమను తొలగించుకొనవలెను. మనవారు జెముడు అను పేరుతో పెక్కు మొక్కలను పిలుచుచుందురు. బొమ్మజెముడు, ఆకుజెముడు, కాడజెముడు అనునవి యన్నియు నొక కుటుంబమునకు చెందినవి. వీనిని గిల్లినంతనే తెల్లని పాలు కారును. ఆ పాలు కంటబడినచో చూపునకే ముప్పు. నాగజెముడు వీనికి చుట్టము కాదు. దానిని నరికినచో పాలు రావు; బెండకాయ జిగురువంటి నీరు మాత్రము వచ్చును. ఇది శాస్త్రజ్ఞులు కాక్టస్ అని పిలుచు వేరొక కుటుంబములోనిది. ఆ కుటుంబమున పదునైదు వందలకు పైగా జాతులు కలవు. వానిలో నొక్కటి మాత్రము అమెరికాతోపాటు ఆఫ్రికాలోను, సింహళమునను గూడ చెట్లకొమ్మలపై స్వయముగా పెరుగును. తక్కినవన్నియు అమెరికా ఖండములకే చెందినవి. అరిజోనా యెడారిలో నలువది యడుగుల యెత్తున స్తంభమువలె నిలిచి నూటయేబది యేండ్లు బ్రతుకు సగువారో యీ కుటుంబమునదే; అరచేతిలో నిముడు గుండ్రని బొడిపెలవంటి మొక్కలును ఇందులోనివే.

వేర్వేరు ఖండములలో, వేర్వేరు వంశములలో పుట్టిన యీ రెండు తెగలును చూచుట కొక్కతీరుగా నేల నుండవలెను? తిమింగిలము చేప కాకపోయినను నీటిలో బ్రతుకుటచే చేపరూపము దాల్చినట్లు, ఎండయు నీటికరవును ఈ రెండు తెగలను ఒక్కమూసలో పోసినవి. ఆకులు విడిచిపెట్టుట, కాండములో నీరు నిల్వచేసికొనుట, ముళ్లు ధరించుట – ఇవి నీరులేని చోట బ్రతుకదలచిన మొక్కకు తప్పనిసరి యలవాట్లు.

ఇక నాగజెముడు రూపమును కొంచెము నిదానించి చూతము. పాముపడగలవలె ఒకదానిపై నొకటి యతికించినట్లు కనిపించు ఆ మందమైన పచ్చని బిళ్లలను ఆకులని పలువురు తలతురు. ఆ రూపమునుబట్టియే హిందీవారు దీనిని నాగఫణి యందురు. కాని యవి ఆకులు కావు, కాండములు. నిజమైన యాకులను చూడగోరువారు లేతపడగను పరిశీలింపవలెను. దానిమీద వడ్లగింజకన్న చిన్నవై, కొనదేరిన పచ్చని మొనలు కన్పట్టును. అవియే యాకులు. కొలది దినములలో అవి రాలిపోవును. అటుపిమ్మట ఆహారము వండుపని యంతయు కాండమే చేసికొనును.

ఆకు మొలచిన ప్రతిచోటను ఒక చిన్న మెత్తవంటి బొడిపె యుండును. ఇది కాక్టస్ కుటుంబమునకు రాజముద్ర. ఈ మెత్తనుండియే ముళ్లును, పూవులును, క్రొత్త పడగలును పుట్టును. బొమ్మజెముడునకు ముళ్లున్నను ఇట్టి మెత్త లుండవు. నాగజెముడు ముళ్లు రెండు తరగతులు. పసుపువన్నె గలిగి, అంగుళమునకు పైబడి, పశువులను దూరముగా నుంచునవి పెద్దముళ్లు. వాని మొదట గుత్తులుగా నుండి, కంటికి సరిగా నానని నూగుముళ్లు రెండవవి. పెద్దముల్లును పట్టి లాగివేయవచ్చును. నూగుముల్లునకు గాలమువలె వెనుకకు తిరిగిన కొక్కెము లుండుటచే, చర్మములో దిగినచో తేలికగా రాదు. పండు కోయబోయిన బాలురను రెండేసి దినములు బాధించునది యీ నూగే.

పూవు పసుపువన్నెతో, సుమారు మూడంగుళముల వెడల్పున విచ్చును. నడుమ లెక్కకు మిక్కిలిగా కేసరము లుండును. సన్నని పుల్లతో తాకినచో అవి మెల్లగా లోపలివైపు వంగును. తేనెటీగ వ్రాలినప్పుడును అట్లే జరిగి పుప్పొడి దాని యొడలి కంటుకొనును. పండు బొంగరము నాకారమున ఊదాకెంపువన్నె గలిగియుండును. లోపలి గుజ్జు చిక్కని యెఱుపు. దానిని తిన్నవారి మూత్రము గూడ నెఱ్ఱబడవచ్చును. అది పండురంగే గాని రక్తము కాదు. గట్టివైన గింజలను పక్షులు మ్రింగి దూరప్రదేశములందు విడుచును.

అయినను వంశవృద్ధికి విత్తుకన్న పడగయే దీనికి ముఖ్యసాధనము. తెగిపడిన పడగ వారములకొలది యెండలో పడియున్నను చావదు. తడి తగిలినంతనే క్రిందివైపు వేళ్లును, పైవైపు క్రొత్తపడగలును వేయును. గొడ్డలితో దీనిని నూరు ముక్కలుచేసి విసరివేసిన రైతు నూరు మొక్కలు నాటినవాడే యగును. వరద కొట్టుకొనిపోయిన పడగ ఒడ్డుపట్టినచోట క్రొత్తపొద యగును. దీనికి గిట్టని దొక్కటే: నిలువనీరు. నీరు నిలిచినచో వేళ్లు క్రుళ్లిపోవును. అందుచేతనే 1855లో బెజవాడ ఆనకట్ట ముగిసి, కాలువలు పారి, వరిచేలుగా మారిన మాగాణిలో దీనికి తావులేకపోయినది. గట్లు, దిబ్బలు, మెట్టలు, ఇసుకపర్రలు మాత్రమే దానికి మిగిలినవి.

నీరు లేనిచోట ఇది బ్రతుకుట కింకొక గూఢమైన కారణము కలదు. తక్కిన మొక్కలు పగటివేళ ఆకులమీది సూక్ష్మరంధ్రములను తెరచి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి, సూర్యరశ్మి సాయమున ఆహారము చేసికొనును. రంధ్రములు తెరచియున్నంతసేపును లోపలి నీరు ఆవిరియై పోవుచుండును. ఎడారిలో అట్టి వ్యయమునకు తాళలేరు. నాగజెముడు పగలు తలుపులు మూసికొని రాత్రి చల్లబడిన తరువాత తెరచును. రాత్రి పీల్చిన వాయువును పులుసు పదార్థముగా మార్చి లోపల దాచుకొనును. తెల్లవారినపిమ్మట తలుపులు మూసి, దాచుకొన్నదానిని సూర్యరశ్మిలో వాడుకొనును.

ఈ రహస్యమునకు తొలి యానవాళ్లలో నొకటి మనదేశముననే దొరకినది. రాక్సుబర్గు వెడలిపోయిన తరువాత కొంతకాలము సామర్లకోటలోని కుంపిణీతోటను చూచిన బెంజమిన్ హైన్ అను వైద్యుడు రణపాల యాకును వేర్వేరు వేళల నమలి చూచెను. అది యుదయమున పుల్లగాను, మధ్యాహ్నమునకు చప్పగాను, సాయంకాలమునకు కొంచెము చేదుగాను ఉన్నట్లు కనిపెట్టి వ్రాసిన లేఖ 1815లో లండనున అచ్చుపడెను. దాని కారణము పూర్తిగా తేలుటకు ఇరువదవ శతాబ్దమువరకు పట్టినది. రణపాలయు నాగజెముడును ఈ విషయమున నొక్కబడిలో చదివినవే. హైన్ చేసిన పరీక్ష నేడైనను ఎవరి పెరటిలో వారు చేసి చూచుకొనవచ్చును.

ఇక ఈ అమెరికా మొక్కకును మనకును సంబంధ మెట్లు కలిగినదో వినుడు. దానికి మూలము ఎఱ్ఱరంగు.

మన తీరమునకు ఎఱ్ఱరంగు క్రొత్త కాదు. బందరు కలంకారీ వస్త్రముల యెఱుపు చిరివేరు అను చిన్నమొక్క వేళ్లనుండి తీసినది. విదేశవర్తకులు పెత్తపోలి యని వ్రాసిన నిజాంపట్నపు పరిసరముల చిరివేరు పదునేడవ శతాబ్దముననే పేరుపొందినది. అయితే ఐరోపాలో రాజుల దుస్తులకును, సేనానుల యంగీలకును కావలసిన కెంపురంగు వేరొకచోటనుండి వచ్చుచుండెను. మెక్సికో దేశమున నాగజెముడు పడగలమీద కాచినీలు అను చిన్నపురుగు బ్రతుకును. ఇది తొలకరిలో కనిపించు ఆరుద్రపురుగు కాదు. మన లక్కపురుగునకు దూరపు బంధువు. ఆడపురుగునకు రెక్కలు లేవు. పడగలో మూతి గుచ్చి రసము పీల్చుచు, పైన దూదివంటి తెల్లని మైనపు పొరను కప్పుకొని యుండును. దానిని వ్రేలితో నలిపినచో రక్తమువంటి యెఱ్ఱని ద్రవము వచ్చును. చీమలవంటి శత్రువులనుండి కాపాడుకొనుట కది తయారుచేసికొను మందు. మనుష్యుడు దానిని రంగుగా వాడుకొన్నాడు. ఈ వర్తకము స్పెయినువారి చేతిలో నుండెను. దానిని తామును సంపాదింపవలెనని కుంపిణీవారి కోరిక.

చెన్నపట్టణమున కుంపిణీ వైద్యాధికారియైన జేమ్సు ఆండర్సను 1786లో ఈ ప్రయత్నమునకు పూనుకొని, లండనునందలి జోసెఫ్ బ్యాంక్సు అను పండితునికి లేఖలు వ్రాసెను. సైదాపేటకడ నాగజెముడు తోట వేయబడెను. పురుగు రాకముందే దాని కాహారము సిద్ధము చేసిరన్నమాట. చిత్రమేమన, 1788లో ఆస్ట్రేలియాకు వెళ్లిన తొలి ఆంగ్లనౌకలును ఇదే యాశతో బ్రెజిలునుండి నాగజెముడును కొనిపోయినవి. తుదకు 1795లో నీల్సను అను సైనికాధికారి బ్రెజిలునుండి పురుగులను కలకత్తాకు తెచ్చెను. అప్పటికి కలకత్తా తోటకు మారియున్న రాక్సుబర్గు వానిని పెంపించెను.

వచ్చిన పురుగు కోరిన పురుగు కాదు. మెక్సికోవారు తరతరములుగా పెంచిన మేలిరకమునకు బదులుగా అడవిరకము చేరినది. దాని రంగు నాసిరకము. వ్యాపారము మునిగినది. కాని యెవ్వరును తలపనిది జరిగెను. అంతకుముందే మనదేశమున వ్యాపించియున్న ఒక జాతి నాగజెముడును ఆ పురుగు తినివేయజొచ్చెను. ఉత్తరమున జరిగినది చూచి, 1836–38 సంవత్సరములలో దక్షిణదేశమునకును దానిని తెచ్చి వదలిరి. కంపను నాశము చేయుటకై పురుగును బుద్ధిపూర్వకముగా నియోగించుట ప్రపంచచరిత్రలో నిదియే మొదటిదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు.

కథ యంతటితో ముగియలేదు. ఆ పురుగు ఒక్క జాతినే తినును. ఖాళీయైన తావులలోనికి దానికి రుచింపని వేరు జాతులు వచ్చి చేరినవి. నేడు మనము చూచు పసుపుపూల నాగజెముడు వానిలోనిది. ఇరువదవ శతాబ్దపు తొలిభాగమున నది మద్రాసు రాజధానిలోని మెట్టజిల్లాలను బాధించెను. బీళ్లు మూసికొనిపోయినవి, పశువులకు మేతచోటు తగ్గినది, పొదలు పాములకును ఎలుకలకును నెలవులైనవి. నరికిన పెరుగును, తగులబెట్టుదమన్న లోపలి నీరు మంట నార్పును, తవ్వితీయుటకు భూమి వెలకన్న కూలి యెక్కువగును.

అప్పుడు మరియొక కాచినీలు జాతి తోడ్పడెను. ఉత్తర అమెరికాకు చెందిన యీ పురుగు ఆస్ట్రేలియామీదుగా సింహళమునకు చేరియుండెను. అచ్చటినుండి 1926లో దక్షిణభారతమునకు వచ్చినది. పురుగుపట్టిన పడగముక్కను ఆరోగ్యముగానున్న పొదపై నుంచుటయే దీనికి కావలసిన సేద్యము. పిల్లపురుగులు నూకగింజకన్న చిన్నవి. గాలికి కొట్టుకొనిపోయి మరియొక పొదపై వ్రాలును. కొలదినెలలలో పొద తెల్లని దూది కప్పినట్లగును. పడగలు పసుపుబారి, వ్రేలాడి, కూలిపోవును. ఐదారు సంవత్సరములలో దక్షిణదేశమున దాదాపు లక్ష యెకరములకు కంప వదలినది.

ఆస్ట్రేలియా కథ యింతకన్న పెద్దది. 1925 నాటికి అచ్చట ఆరుకోట్ల యెకరములు నాగజెముడు పాలైనవి. రైతులు ఇండ్లు వాకిళ్లు విడిచిపోయిరి. అర్జెంటీనానుండి తెప్పించిన యొక చిమ్మెట పురుగును 1926లో వదలగా, దాని గొంగళిపిల్లలు పడగలను లోపలినుండి తొలిచి, పదియేండ్లలోపలనే అందు హెచ్చుభాగమును నాశనము చేసినవి. కృతజ్ఞులైన క్వీన్సులాండు రైతులు 1936లో బూనర్గా అనుచోట ఆ పురుగు పేర నొక సభామందిరము కట్టించిరి.

నాగజెముడు తన జన్మదేశమున నింతటి యుపద్రవము కాకుండుటకును, పరదేశముల నగుటకును కారణమేమి? స్వదేశమున దానిని తిను పురుగులును, క్రుళ్లజేయు తెగుళ్లును దానితోపాటు పుట్టియున్నవి. అవి దాని పెరుగుదలకు కళ్లెము. మనుష్యుడు మొక్కను మాత్రము నౌక యెక్కించి, కళ్లెమును రేవునందే విడిచివచ్చెను. కళ్లెములేని గుఱ్ఱము చేల నెట్లు త్రొక్కునో అదియు నట్లే త్రొక్కినది. కళ్లెమును తెచ్చి తగిలించిన తరువాత గుఱ్ఱము చావలేదు, లొంగినది. నేటికిని మన గట్లమీద అక్కడొకటి యిక్కడొకటి పొద మిగిలియుండుట కిదియే కారణము. పొదలు పెరిగినచో పురుగు పెరుగును. పొదలు తగ్గినచో తిండిలేక పురుగును తగ్గును.

పెద్దలు మనసున నుంచుకొనవలసిన విషయ మిక్కడనే యున్నది. మనకు మేలుచేసిన యీ పురుగే వేరుచోట్ల రైతును ఏడ్పించుచున్నది. బ్రెజిలు ఈశాన్యభాగమున కరవునాటి పశువులకు నాగజెముడే ప్రాణాధారము. ఈ కాచినీలు అచ్చటి తోటలలో చొరబడి విస్తారమైన భూములలో మేతను లేకుండ చేసినది. మొరాకోలో పండ్లకును మేతకును దీనినే నమ్ముకొన్న పల్లెలలో 2014లో ఈ పురుగు కనిపించి, కొలదికాలముననే తోటలను ఎండగట్టినది. పురుగు మారలేదు, దాని గుణము మారలేదు. మొక్క మనకు శత్రువైనప్పుడు పురుగు మిత్రుడు. మొక్క మిత్రమైనప్పుడు పురుగు శత్రువు.

ఇప్పుడు మెట్టరైతునకు ముల్లులేని నాగజెముడును నాటుమని సలహా చెప్పబడుచున్నది. ఆ సలహా తోసివేయదగినది కాదు. అందు పదింట తొమ్మిదివంతులు నీరే. వేసవిలో పచ్చిమేతయు తాగునీరును దొరకని పశువునకు అది రెండువిధముల నుపయోగపడును. కాని మాంసకృత్తులు తక్కువ. అదియొక్కటే పెట్టినచో పశువు పారుకొనును. ముక్కలుచేసి, ఎండుగడ్డితోను చొప్పతోను కలిపి పెట్టవలెను. ఒక ముఖ్యమైన ప్రశ్నను మాత్రము మొక్కలిచ్చువారిని అడుగక విడువరాదు: ఈ రకము కాచినీలు పురుగునకు తట్టుకొనునా? అట్లు తట్టుకొను రకములను బ్రెజిలులోను మొరాకోలోను ఏరి పెంచుచున్నారు. మన దేశమున నా పురుగు 1926 నుండి కాపురమున్నదని మరువరాదు. నాటిన తరువాత పడగలమీద తెల్లని దూదిమచ్చ కనిపించినచో వ్రేలితో నలిపి చూడుడు. ఎఱ్ఱబడినచో ఆ పడగను వెంటనే కోసి, తక్కినవానికి దూరముగా పూడ్చివేయుడు. మిగిలిన ముక్కలను కాలువలలోను పోరంబోకులలోను పారవేయకుడు. ముల్లులేని మొక్కయైనను పాతుకొనుట కులవిద్యగా నేర్చినదే.

ఈ కథలోని నీతి ఒక్క నాగజెముడునకే చెల్లునది గాదు. కృష్ణాకాలువలను కప్పు గుఱ్ఱపుడెక్క దక్షిణ అమెరికానుండి వచ్చినది. బీళ్లనిండ మొలచు సర్కారుతుమ్మయు, వయ్యారిభామయు అట్లే సముద్రము దాటి వచ్చినవి. గుఱ్ఱపుడెక్కపై ముక్కుపురుగులను, వయ్యారిభామపై మెక్సికో పెంకుపురుగులను 1980వ దశకమున మన శాస్త్రజ్ఞులు తెచ్చి విడుచుట నాగజెముడునాటి యనుభవమునకు కొనసాగింపే. కాని వారు ఆండర్సనువలె ఆశను మాత్రమే నమ్మలేదు. పురుగును విడుచుటకు ముందు అది మన పైరులను తినునా తినదా యని పరీక్షించిరి. ఆ జాగ్రత్త ప్రయోగశాలలకే గాక పల్లెలకును అవసరము. క్రొత్తమొక్క యేదైనను ఊరిలోనికి వచ్చినప్పుడు, అది యేమి యిచ్చునని అడుగుట అందరును చేయుదురు. అది యెట్లు వ్యాపించును, దానిని తినున దేది, వలదనుకొన్ననాడు తీసివేయుట యెట్లు అని గూడ అడుగువారు ఊరికొక్కరైన నుండవలెను. ఆ యడుగువారు పెద్దలే కావలెను.